రాజుగారి జట్టు, పోలీసుల జట్టు, కంపెనీ జట్టు... మరి మన జట్టేదండీ?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి రీలొకేషన్ కొత్తేం కాదు. ప్రాజెక్టు అయిపోతుంది, మేనేజరు పిలుస్తాడు, వచ్చే నెల నుంచి పుణె అంటాడు, మనం పెట్టె సర్దుకుంటాం. కానీ ఒక ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి కూడా రీలొకేషన్ లెటర్ వస్తుందని ఎప్పుడైనా విన్నారా? 2025 అక్టోబరులో వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు తీసేసి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని బోర్డు మార్చి, ఢిల్లీకి పంపేశారు. గచ్చిబౌలి స్టేడియం మాత్రం ఇక్కడే మిగిలింది. దాన్ని పెట్టెలో పెట్టుకుపోవడం కుదరదు కదా మరి!

ఇదేదో గల్లీ జట్టు అనుకునేరు. 2019 ఆగస్టులో పెట్టారు. 2022 మార్చి 20న గోవాలో, ఫతోర్దా స్టేడియంలో ఐఎస్ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. పెనాల్టీ షూటౌట్‌లో మన గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. స్టాండ్స్ నిండా పసుపు చొక్కాల కేరళ వాళ్ళే, కప్పు ఎత్తింది మాత్రం మనవాళ్ళు. సరిగ్గా రెండు సీజన్లు తిరిగేసరికి, అంటే 2023-24లో, అదే జట్టు పన్నెండు జట్లలో పన్నెండోది. సీజన్ మొత్తానికి ఒక్క గెలుపు. జీతాలు బకాయి, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం, మధ్యలోనే వెళ్ళిపోయిన విదేశీ ఆటగాళ్ళు. 2024లో చేతులు మారింది, 2025లో ఊరే మారిపోయింది.

ఇప్పుడు మామూలుగా వినిపించే మాట ఒకటుంది. "అది బిజినెస్ బాసూ, నష్టం వస్తే ఎవడైనా మూసేస్తాడు." నిజమే. బిజినెస్ చేసేవాణ్ణి తిట్టడానికి ఇది రాయట్లేదు. క్లబ్బు మునగడానికి డబ్బు కారణం కావచ్చు. కానీ మునిగిన క్లబ్బు ఊరు వదిలి వెళ్ళిపోగలిగిందంటే మాత్రం దానికి కారణం ఒక్కటే: అది ఏనాడూ ఊరిది కాదు. అసలు మనం కళ్ళనీళ్ళు పెట్టుకునే ముందు ఒక విషయం చూసుకోవాలి. ఐఎస్ఎల్‌లో ఆ చోటు మనకి ఎలా వచ్చింది? పుణె క్లబ్బు మూతపడితే, ఆ ఖాళీలో వచ్చింది. అప్పుడు పుణె వాళ్ళ కోసం మనలో ఒక్కడూ బాధపడలేదు. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ అనే క్లబ్బు భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ళ తర్వాత ఢిల్లీకి మనది వెళ్ళింది. మన చిన్నప్పటి కుర్చీలాటే, కాకపోతే ఇక్కడ కుర్చీలు పరిగెడతాయి, మనుషులు నిలబడి చూస్తారు.

మా ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇంకో ముక్క చెప్పాలి. 2020లో ఐ-లీగ్‌లో కొత్త జట్ల కోసం బిడ్లు పిలిస్తే, శ్రీనిధి విద్యాసంస్థల బిడ్డు విశాఖపట్నం పేరు మీద ఓకే అయింది. హమ్మయ్య, శ్రీకాకుళం నుంచి పొద్దున్న బస్సెక్కితే సాయంత్రం మ్యాచ్ చూసి రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు అనిపించింది. తీరా జట్టు శ్రీనిధి డెక్కన్ అని పేరు పెట్టుకుని హైదరాబాద్ పక్కన అజీజ్‌నగర్‌లో ఆడింది. బాగా ఆడింది కూడా, 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం. సంతోషం. కానీ చూశారా, మా జిల్లాల కుర్రాళ్ళు డిగ్రీ అవగానే హైదరాబాద్ బండెక్కినట్టు, లైసెన్సు కూడా బండెక్కేసింది. ఏటి సెప్తాం!

"ఫ్రాంచైజీ కాలం కదా, పాతరోజుల్లో ఇలా ఉండేది కాదు" అనేవాళ్ళకి పాతరోజుల సంగతి కూడా చెప్తా.

1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని వరసగా అయిదుసార్లు ఎవరు గెలిచారో తెలుసా? హైదరాబాద్ సిటీ పోలీస్. డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో, 1957లో వాళ్ళదే. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో మోహన్ బగాన్‌ని ఓడించి మళ్ళీ వాళ్ళే. కలకత్తా క్లబ్బులు వీళ్ళ పేరు చెబితే వణికిన రోజులవి. దీని వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. అటు పోలీసు జట్టుకీ ఇటు దేశానికీ ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం. ఆ మరుసటేడు, 1963 జూన్‌లో ఆయన పోయారు. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా "మైదాన్" అని హిందీలో సినిమా తీస్తే తప్ప మనలో చాలామందికి ఆయన హైదరాబాద్ మనిషని తెలీదు.

మరి అంత గొప్ప జట్టు ఏమైంది? అది ఒక డిపార్టుమెంటు జట్టు. ఆటగాడికి పోలీసు ఉద్యోగం, ఆ ఉద్యోగమే జీతం, ఆ జీతమే ఆట. పట్టించుకునే ఆఫీసర్లూ, రహీం లాంటి కోచ్ ఉన్నంతకాలం వెలిగింది. వాళ్ళు వెళ్ళాక జట్టుని అడగడానికి గానీ, కాపాడుకోవడానికి గానీ ఊళ్ళో ఎవరికీ హక్కు లేదు, ఎందుకంటే సభ్యత్వం అన్నదే లేదు. ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి, బెంగాల్లోనే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశారు. హబీబ్, నయీముద్దీన్ కూడా కలకత్తాలోనే పేరు తెచ్చుకున్నారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ సభ్యత్వాలతో నడిచిన క్లబ్బులు. ఆ తర్వాత ఇన్వెస్టర్లు వచ్చారు, గొడవలూ అయ్యాయి, కానీ ఊరు వదలమని చెప్పే దమ్ము ఎవడికైనా ఉందా? చెప్పి చూడమనండి!

ఇంకా వెనక్కి వెళితే మా విజయనగరం కథ. మహారాజకుమార్ విజ్జీ 1930-31లో తన జట్టు కోసం ఏకంగా జాక్ హాబ్స్‌నీ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ తెప్పించాడు. ఆ కాలానికి ప్రపంచంలోనే పెద్ద ఓపెనింగ్ జంట. 1936లో భారత జట్టుకి కెప్టెనయ్యి ఇంగ్లండు వెళ్ళాడు, అక్కడ లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపిన గొడవ అందరికీ తెలిసిందే. ఇవాళ విజయనగరంలో విజ్జీ పేరుతో స్టేడియం ఉంది. ఆ జట్టు లేదు. రాజుగారి సరదా ఉన్నన్నాళ్ళే రాజుగారి జట్టు.

వరస గమనించారా? మొదట రాజు, తర్వాత డిపార్టుమెంటు, ఆ తర్వాత కంపెనీ. యజమాని మారాడు గానీ మన పాత్ర మారలేదు. మనం ఎప్పుడూ అద్దెకున్నవాళ్ళమే. ఇల్లుగలాయన అమ్ముకుంటే ఖాళీ చేసేది మనమే. ఊరంతా చుట్టాలే గానీ ఉట్టి కట్టుకోను చోటు లేదన్నట్టుంది మన సంగతి.

సరే, మరి ఇంకోలా ఎక్కడైనా జరిగిందా అని అడుగుతారు. జరిగింది. పెరూ దేశంలో కుస్కో అని ఊరు. సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య. రాజధాని లిమాకి దూరం. డబ్బూ, పెద్ద క్లబ్బులూ, పేపర్లూ అన్నీ లిమాలోనే. ఇక్కడ హైదరాబాద్‌కి మా శ్రీకాకుళం ఎంతో, అక్కడ లిమాకి కుస్కో అంత. ఆ ఊళ్ళో సైన్స్ కాలేజీ అని పేరున్న బడి పిల్లలు 1901లో ఒక క్లబ్బు పెట్టుకున్నారు. బడి పేరు మీదే దానికి సియెన్సియానో అని పేరు. వందేళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2003 నాటికి పెరూ జాతీయ టైటిల్ ఒక్కటి కూడా లేదు దానికి. ఆ ఏడు ఖండం మొత్తానికీ జరిగే కోపా సుడమెరికానాలో పీలే ఆడిన సాంటోస్‌ని ఇంటికి పంపింది. ఫైనల్లో అర్జెంటీనా దిగ్గజం రివర్ ప్లేట్‌తో వాళ్ళ గడ్డ మీద 3-3, రెండో మ్యాచ్‌లో 1-0. కప్పు కుస్కోకి. మరుసటేడు బోకా జూనియర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇంకో కప్పు. లిమాలోని మహామహా క్లబ్బులు ఏవీ అప్పటిదాకా చెయ్యని పని.

కథ అక్కడ ఆపేస్తే అది వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది. అసలు విషయం తర్వాత ఉంది. 2015లో సియెన్సియానో రెండో డివిజన్‌కి పడిపోయింది. కప్పు గెలిచిన పన్నెండేళ్ళకి! మన హైదరాబాద్ క్లబ్బు పడ్డట్టే పడింది. కానీ దాన్ని ఎవరూ లిమాకి మోసుకుపోలేదు. అదే ఊళ్ళో, అదే ఎర్ర చొక్కాతో, కింది డివిజన్‌లో ఆడుకుంటూ 2019లో దాన్ని గెలిచి, 2020లో పైకొచ్చింది. ఊరిదైన క్లబ్బుకీ, లైసెన్సు క్లబ్బుకీ తేడా అదీ. గెలిచినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఓడినప్పుడు తెలుస్తుంది ఏది ఎవరిదో.

"మాది ఆల్రెడీ పోయింది కదా, ఇప్పుడేం చెయ్యగలం?" అంటారా? దానికీ ఉదాహరణ ఉంది. 2002 మే నెలలో లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు మిల్టన్ కీన్స్ అనే ఊరికి పోవడానికి అనుమతి ఇచ్చేశారు. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని తమ సొంత క్లబ్బు పెట్టుకుని, ఊళ్ళో ఉన్న మైదానంలో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళని ఎంచుకుని, తొమ్మిదో మెట్టు లీగ్ నుంచి మొదలెట్టారు. 2011కల్లా పైనున్న ప్రొఫెషనల్ లీగ్‌లోకి వచ్చేశారు. ఆ క్లబ్బు ఇవాళ్టికీ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది.

ఇక మన అభ్యంతరాలు. మొదటిది: "తెలుగోడికి క్రికెట్, సినిమా తప్ప ఇంకేం పట్టవు." అబద్ధం. విజయనగరం జిల్లా నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ వెళ్ళి ఈ మాట అనండి చూద్దాం. అది వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014 కామన్వెల్త్ గేమ్స్‌లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. శ్రీకాకుళం వైపు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచే కరణం మల్లీశ్వరి సిడ్నీ దాకా వెళ్ళి 2000లో కంచు పతకం తెచ్చింది. ఆ ఊళ్ళలో ఫ్రాంచైజీ ఉందా, లీగ్ ఉందా, టీవీ హక్కులున్నాయా? ఊళ్ళో అక్కలు ఎత్తితే చెల్లెళ్ళు ఎత్తారు, అంతే. ఆట ఊరిదైతే ఏళ్ళ తరబడి నిలుస్తుందనడానికి పెరూ దాకా పోనక్కర్లేదు, నెల్లిమర్ల చాలు.

రెండోది: "డబ్బెక్కడిది?" ఇది మాత్రం ఐటీ వాళ్ళ నోట వింటే నవ్వొస్తుంది. రెండు వేలమంది నెలకి అయిదొందలు వేస్తే నెలకి పది లక్షలు, ఏడాదికి కోటీ ఇరవై లక్షలు. మన ఓటీటీ చందాలూ, వీకెండ్ బిర్యానీలూ లెక్కేసుకుంటే అయిదొందలు ఎంతో మీకే తెలుసు. ఈ డబ్బుతో ఐఎస్ఎల్ ఆడలేం, నిజమే. ఆడమని ఎవడన్నాడు? జిల్లా లీగ్ నుంచి మొదలెట్టండి. వింబుల్డన్ వాళ్ళు తొమ్మిదో మెట్టు నుంచి ఎక్కలేదూ? చట్టం కూడా అడ్డం కాదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సంతకాలు పెడితే సొసైటీ అవుతుంది. జట్టు కట్టడానికి పదకొండు మంది కావాలి, సొసైటీకి ఏడుగురు చాలు! ఒక సభ్యుడికి ఒక ఓటు, సభ్యుల్లో మూడొంతులు ఒప్పుకుంటే తప్ప పేరు గానీ ఊరు గానీ మార్చకూడదు అని మొదటి రోజే నిబంధనల్లో రాసుకోండి. స్పాన్సర్ రావొచ్చు, చొక్కా మీద పేరు వేసుకోవచ్చు. ఊరి పేరు మాత్రం ముట్టుకోకూడదు.

మూడోది: "టైమ్ లేదు." రాత్రి పన్నెండున్నరకి లేచి లివర్‌పూల్ మ్యాచ్ చూడ్డానికి టైముంది. అందులో తప్పేం లేదు, మంచి ఆటని ఎక్కడున్నా చూడాల్సిందే. కానీ ఆఫీసు నుంచి పది నిమిషాల దూరంలో దేశపు ఛాంపియన్లు ఆడుతుంటే ఆ స్టేడియం ముందు నుంచి క్యాబ్‌లో వెళుతూ ట్రాఫిక్‌ని తిట్టుకున్నవాళ్ళు ఎంతమందో! డెక్కన్ లీజియన్ అని ఒక చిన్న అభిమానుల గుంపు మాత్రం డ్రమ్ములు పట్టుకుని, గెలిచినా ఓడినా వచ్చి నిలబడింది. ఆ గుంపుకి క్లబ్బులో ఒక్క ఓటు ఉండి ఉంటే, ఢిల్లీకి తరలించే ముందు కనీసం వాళ్ళని అడగాల్సి వచ్చేది.

అయిదేళ్ళలోనో పదేళ్ళలోనో ఇంకో కంపెనీ వస్తుంది. చార్మినార్ బొమ్మో, కైలాసగిరి బొమ్మో చొక్కా మీద వేసి, "ఇది మీ జట్టు" అని యాడ్ ఇస్తుంది. టికెట్ కొనండి, వెళ్ళండి, అరవండి. కానీ అరిచే ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: ఇది మా జట్టయితే, ఇందులో మా ఓటు ఎక్కడ? జవాబు రాకపోతే వాళ్ళ కోసం చూస్తూ కూర్చోవద్దు. గచ్చిబౌలిలో అయినా సరే, విజయనగరంలో అయినా సరే, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం పక్కన టీ కొట్టు దగ్గర అయినా సరే, ముందు ఆ ఏడుగురిని వెతకండి.