సూట్‌కేసు తర్వాత సర్దుకోవచ్చు

పోయిన ఆదివారం మా తమ్ముడి ఇంటికి వెళ్తే మంచం నిండా పట్టుచీరలు పరిచి ఉన్నాయి. వచ్చే సెప్టెంబరులో తమ్ముడూ మరదలూ మధ్యధరా సముద్రంలో పది రాత్రుల ఓడ ప్రయాణానికి వెళ్తున్నారు. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మేనకోడలు అమ్మానాన్నల పెళ్ళిరోజు కానుకగా టిక్కెట్లు కొంది. బార్సిలోనాలో ఎక్కడం, రోమ్, నేపుల్స్, టర్కీలో కుషాదసి, సాంటొరిని, చివరికి ఏథెన్స్‌లో దిగడం. చీరల పక్కనే బుల్లి రైస్ కుక్కరు, కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె, నెయ్యి డబ్బా.

"ఏమైనా మర్చిపోయామేమో చూడండి వదినా" అంది మరదలు.

కుక్కరు, కెటిల్, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టించాను. నిప్పు భయంతో అలాంటివి గదుల్లోకి రానివ్వరు, ఎక్కేచోటే తీసుకుని ఉంచేస్తారు. నెయ్యి, కోవా కూడా వద్దన్నాను. పాలతో చేసినవాటిని మన సామాన్లలో ఐరోపా సమాఖ్య దేశాల్లోకి తీసుకుపోనివ్వరు. పచ్చి కరివేపాకుదీ అదే సంగతి. ఆవకాయకి అడ్డులేదు. అప్పుడు తమ్ముణ్ణి అడిగాను: "ఒరే, మీ ఓడ నేపుల్స్‌లో ఆగేది ఏ వారం?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

2023 సెప్టెంబరులో మావారూ నేనూ ఇలాంటి ప్రయాణమే చేశాం. అప్పుడు ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదు. బ్యాంకులో ముప్ఫై మూడేళ్ళు చేసి దాచుకున్న డబ్బుతో వెళ్ళాం. అందుకే పట్టుదలగా చెబుతున్నాను: మనవాళ్ళు ఓడ కోసం తయారవుతున్నారు, తయారవ్వాల్సింది రేవుల కోసం. ఖరీదైన ఓడలో తిండికీ పడకకీ పాటకచేరీకీ మనం వెతుక్కోవలసింది ఏమీ ఉండదు. శాకాహారం కావాలంటే కొన్ని వారాల ముందే రాసి చెబితే చక్కగా వండి పెడతారు. ఒడ్డున మాత్రం ఉదయం ఎనిమిదికి దింపి సాయంత్రం అయిదున్నరకల్లా వెనక్కి రమ్మంటారు. మనకి ఆ ఊరు దక్కేది ఆ తొమ్మిదిన్నర గంటలే.

అందులోనూ టిక్కెట్టు మీద ఉన్న ఊరు ఓడ ఆగే ఊరు కాకపోవచ్చు. "రోమ్" అని రాసి ఉంటుంది, ఓడ ఆగేది చివిటవెక్కియాలో. అక్కణ్ణించి రోమ్ డెబ్బై కిలోమీటర్ల పైమాటే, మన రాజమండ్రి నుంచి కాకినాడ కంటే ఎక్కువ. "ఫ్లోరెన్స్" అంటే లివోర్నో రేవు, తొంభై కిలోమీటర్ల దూరం. ఇది ముందే తెలిస్తే రోమ్‌లో నాలుగు చోట్లకి పరిగెత్తకుండా ఒక్కచోటు ఎంచుకుంటాం. మేము నాలుగు చోట్లకీ వెళ్ళాం. కొలోసియం గోడ పక్కనుంచి బస్సు పోతుంటే కిటికీలోంచి తీసిన ఫొటో ఒకటి మిగిలింది.

నేపుల్స్ సంగతి వేరు. అక్కడ ఓడ ఊరి గుండెల్లోనే ఆగుతుంది. మేము దిగి, పిజ్జా తిని, దుకాణాలు తిరిగి, మధ్యాహ్నం మూడింటికే అలిసిపోయి వెనక్కి వచ్చేశాం. ఇంటికొచ్చిన ఆరు నెలలకి లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే బొమ్మ కనబడింది. జానెడు పైచిలుకు ఎత్తున్న దంతపు విగ్రహం. మెడనిండా హారాలు, చేతులనిండా గాజులు, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు. 1938లో పాంపే శిథిలాల్లో దొరికింది. మొదట లక్ష్మీదేవి అనుకున్నారు, ఇప్పుడు ఎక్కువమంది పండితులు యక్షి అంటున్నారు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేని బూడిదలో పూడ్చేసింది కాబట్టి అంతకుముందే అది మన దేశం నుంచి ఓడెక్కి అక్కడికి చేరి ఉండాలి. ఇప్పుడు ఉన్నది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో. నేను పిజ్జా తిన్న చోటుకీ దానికీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డ రోమన్ వెండి నాణేల సంగతి చిన్నప్పుడు మా సోషల్ మాస్టారు చెప్పారు. అటునుంచి వెండి వచ్చింది, ఇటునుంచి ఈ దంతపు బొమ్మలాంటివి వెళ్ళాయి. రెండువేల ఏళ్ళ కిందటి ఆ రాకపోకల్లో మిగిలిన సాక్ష్యం అంత దగ్గర్లో ఉండగా చూడకుండా వచ్చాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఏ వారం అని తమ్ముణ్ణి అడిగింది అందుకే. పాంపే చూడాలంటే టిక్కెట్టు మీద మన పేరుండాలి, రోజుకి ఇరవై వేలమందికి మించి లోపలికి పంపరు. ఏథెన్స్‌లో అక్రోపోలిస్‌కీ ఆ పరిమితే, పైగా ఏ గంటకి వస్తామో ముందే చెప్పి టిక్కెట్టు కొనుక్కోవాలి. రేవులో దిగాక ఫోను తీసి వెతికితే కుదిరే పనులు కావివి.

వీసా దగ్గర పొరపాటు జరిగితే ఇవేవీ మిగలవు. మా వీధిలో ఒక దంపతులకి ఏజెంటు ఒక్కసారి ప్రవేశానికే షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) పెట్టించాడు. వాళ్ళ ఓడ కూడా మధ్యలో టర్కీలో ఆగేది. టర్కీ షెంగెన్‌లో లేదు. అక్కడ ఆగి మళ్ళీ గ్రీసులోకి వచ్చారంటే అది రెండో ప్రవేశం. వాళ్ళని బార్సిలోనాలో ఓడ ఎక్కనివ్వలేదు. మూడు లక్షల పైన పోయింది, ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చే వీసా అడగాలి, టర్కీ వీసా సంగతి విడిగా చూసుకోవాలి. షెంగెన్ దరఖాస్తు ఆరు నెలల ముందునుంచే తీసుకుంటారు, కనీసం ముప్ఫై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఓడలో డాక్టరుంటాడు, కానీ ఆ బిల్లు టిక్కెట్టులో కలిసి ఉండదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఓడ ఎక్కగానే అందరికీ ప్రమాద కసరత్తు ఉంటుంది. మనవాళ్ళు చాలామంది ఆ టైములో ఫొటోలు దిగుతూ ఉంటారు. మాది గోదావరి ఒడ్డున రాజమండ్రి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయినప్పుడు ఈ ఊరు ఎలా ఏడ్చిందో నాకు తెలుసు. 2012 జనవరిలో ఇటలీలో జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోతే 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి కసరత్తు ఇంకా జరగనేలేదు. ఆ తర్వాతే, బయల్దేరే ముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ చేయించి తీరాలని నియమం మార్చారు. లైఫ్ జాకెట్ ఎక్కడుందో, మన గుంపు ఎక్కడ చేరాలో మొదటి గంటలోనే కాళ్ళతో నడిచి తెలుసుకోవాలి.

సెప్టెంబరు మంచి నెల. వేసవంతా తాగిన వేడి సముద్రంలో ఇంకా ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది. ఆ నీటి వేడే ఒక్కోసారి తుఫానుకు బలమిస్తుంది. మేము బయల్దేరడానికి రెండు వారాల ముందు డేనియల్ తుఫాను గ్రీసును ముంచింది, లిబియాలో డెర్నా ఊరికి పైనున్న ఆనకట్టలు తెగి వేలమంది పోయారు. గాలి ఎక్కువుంటే ఓడ రేవు దాటేసి వెళ్ళిపోతుంది, అలాంటప్పుడు కెప్టెన్ మీద అరవకూడదు. చీరలు రెండు చాలు. అరిగిన పాలరాతి మీద జారని బూట్లు, సాయంత్రం కప్పుకోవడానికి శాలువా కావాలి.

ఇక అక్కడి మనుషులు. సాంటొరినిలో ఉండేవాళ్ళు పదిహేను వేల చిల్లర. ఓడల మీద దిగేవాళ్ళని రోజుకి ఎనిమిది వేలకి కట్టడి చేశారు. 2025 జూలై నుంచి రద్దీ నెలల్లో మనిషికి ఇరవై యూరోల రుసుము పెట్టారు. వెనిస్ 2021లోనే పెద్ద ఓడల్ని ఊరి ముందు కాలవలోంచి తప్పించింది, బార్సిలోనా తన ఏడు ఓడ టెర్మినళ్ళని అయిదుకి తగ్గిస్తోంది. వాళ్ళు చేస్తున్నది న్యాయం. తమ సందుల్లో తాము నడవలేకపోతున్నామని ఒక ఊరు మొరపెట్టుకుంటే వినాలి. ఆ ఇరవై యూరోలు గొణుక్కోకుండా కట్టాలి. ఓడలో భోజనానికి ముందే డబ్బు కట్టి ఉన్నా సరే, ప్రతి రేవులో ఒక పూట ఆ ఊరివాళ్ళ చేతి వంట తినాలి.

తమ్ముడు చీటీ తీసి చూశాడు. నేపుల్స్‌లో ఆగేది గురువారం. మరదలు చీరలన్నీ మడిచి బీరువాలో పెట్టేసి మంచం మీద అట్లాసు పరిచింది. సాంటొరిని పాతరేవు నుంచి పై ఊరికి కేబుల్ కారుంది, లేదంటే ఆరు వందలకు కాస్త తక్కువ మెట్లున్నాయి. మొన్నటినుంచి తమ్ముడు రోజూ పొద్దున్న ఆరింటికి పుష్కరాల రేవు మెట్లు ఎక్కి దిగుతున్నాడు. ఎన్ని అయ్యాయో లెక్క నాకు ఫోన్లో చెబుతున్నాడు. ఇవాళ నూట నలభై.