మచ్చను చెరుపుతారు సరే, కోత ఎందుకు పడింది?

ఫోను తెరిస్తే చాలు, సిజేరియన్ మచ్చను లేజర్‌తో మటుమాయం చేస్తామన్న ప్రకటనలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి నా వద్దకు సలహాకు వచ్చే బాలింతలు కూడా ఈ మాటే అడుగుతున్నారు. వారి కోరికను నేను తప్పు పట్టను. దురద పెట్టి, బిగుసుకుపోయిన మచ్చ ఎవరికైనా బాధే. నా అభ్యంతరం ఆ "మటుమాయం" అన్న మాట మీద. అంతకంటె ఎక్కువగా, ఆ మచ్చ అసలెందుకు పడిందని అడగని మన మౌనం మీద.

ముందుగా లేజర్ సంగతి. అది మచ్చను మెరుగుపరచగలదు గాని, చెరిపివేయలేదు. పల్స్‌డ్ డై లేజర్ ఎరుపును తగ్గిస్తుంది. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ గట్టిపడిన మచ్చను కొంత మెత్తబరుస్తుంది. వారాల వ్యవధితో పలుమార్లు చేయవలసి ఉంటుంది. మన చామనఛాయ చర్మంలో మెలనిన్ ఎక్కువ గనుక, అనుభవం లేని చేతులలో చర్మం కాలవచ్చు, మచ్చ మరింత నల్లబడవచ్చు. కోత హద్దు దాటి పెరిగే కీలాయిడ్‌కు తరచుగా లేజర్ ఒక్కటే చాలదు. ట్రయామ్‌సినొలోన్ ఇంజెక్షన్లు కూడా అవసరమవుతాయి. పైగా చాలా మచ్చలు ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన కాలం తమంతట తామే మారుతూ పలచబడతాయి. గాయం పూర్తిగా మానిన తరువాత సిలికాన్ జెల్ గాని, పట్టీ గాని రెండు మూడు నెలలు వాడడం తక్కువ ఖర్చుతో అయ్యే తొలి మెట్టు.

ఇక అసలు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు, తెలంగాణలో 60.7. మన రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. జనాభా మొత్తంలో సిజేరియన్లు నూటికి 10 దాటాక, ఆ పెరుగుదలతో తల్లీబిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టం చేసింది. మన ఆడబిడ్డల కటి ఎముకలు దేశంలో అందరికంటె ఇరుకైనవా? కావు. నొప్పుల వేళ గంటల తరబడి కాచుకొని కూర్చునే ఓపిక మా వైద్యులలో తగ్గింది. పంతులుగారు పెట్టిన ముహూర్తానికి కోయించుకొనే మోజు మీలో పెరిగింది. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినవాడిని గనుక, ఆ 44.5లో మా వంతు తప్పునూ ఒప్పుకుంటున్నాను.

మాయ అడ్డుపడినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు ప్రమాదకరంగా పడిపోయినప్పుడు కోయకపోవడమే నేరం. సిజేరియన్ అప్పుడు ప్రాణదాత. కాని కోత పడిన ప్రతి తల్లికీ చర్మం మీది మచ్చతో పాటు గర్భాశయం మీద మరొక మచ్చ మిగులుతుంది. మరుసటి కాన్పులో మాయ దానిలో పాతుకొని తీవ్ర రక్తస్రావం కలిగించవచ్చు. నొప్పులలో ఆ మచ్చే విచ్చుకోవచ్చు. ఇవి తరచుగా జరిగేవి కావు గాని, జరిగితే ప్రాణం మీదికి వస్తాయి. మాయ పాతుకొనే అపాయం ప్రతి కోతతోనూ పెరుగుతుంది. చర్మం మీద చేసే ఏ లేజరూ ఆ లోపలి మచ్చను తాకదు.

కనుక తల్లులారా, కాన్పుకు ముందే "కోత ఎందుకు? ఆగితే ఏమవుతుంది?" అని అడగండి. కారణాన్ని డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. గర్భాశయం కింది భాగంలో అడ్డంగా ఒక్క కోతే పడి ఉంటే, అత్యవసర ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రిలో మరుసటిసారి సహజ ప్రసవానికి ప్రయత్నించే అవకాశం చాలామందికి ఉంటుంది. లేజర్ కావాలనుకుంటే చర్మవ్యాధి నిపుణులనే కలవండి. ఎన్ని విడతలు, మొత్తం ఖర్చెంత, నల్లబడితే ఏమి చేస్తారు అని ముందే తెలుసుకోండి. మచ్చ నుండి చీము కారినా, దగ్గితే అక్కడ ఉబ్బినా, నెలసరి రోజులలో అక్కడ గడ్డ కట్టి నొప్పి చేసినా అది అందానికి సంబంధించిన సమస్య కాదు. వెంటనే వైద్యులకు చూపించండి.

సూర్యాపేట, నల్లగొండలలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నవి. అక్కడి యువ వైద్యులను ఈ ముసలి వైద్యుడు కోరేది ఒక్కటే: మచ్చను మెరుగుపరచే యంత్రం కంటె ముందు, కాన్పు కోసం కాచుకొనే ఓపిక నేర్చుకోండి.