ఇనుప పెట్టెలోని వంశావళి: బెల్లంపల్లి సంఘ రిజిస్టర్ల విషయమై ఒక అభ్యంతరం

డక్కలివారి జాంబపురాణాన్నీ, పిచ్చకుంట్లవారు చెప్పే గోత్రావళినీ తెలుగు శాఖలు పరిశోధనార్హమైన వాఙ్మయంగా అంగీకరించి దశాబ్దాలైంది. అదే మాదిగ కుటుంబం క్రైస్తవంలో చేరి పాస్టరు చేత రాయించుకొన్న పేరును మాత్రం మనం లెక్కలోకి తీసుకోము. అది మతసంస్థ దస్త్రమనీ, చరిత్ర శాఖవారి పని అనీ తోసివేస్తాము. ఈ విభజన నాకు సమ్మతం కాదు.

బెల్లంపల్లిలో ఈ ప్రశ్న వాయిదాకు నిలవదు. బొగ్గు కోసం వలస వచ్చిన జనంతో పెరిగిన పట్టణమిది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడగా కార్మికులు మందమర్రికి, గోదావరిఖనికి, భూపాలపల్లికి బదిలీ అయ్యారు. క్వార్టర్లు ఖాళీ అయితే సంఘం చిక్కిపోతుంది. రిజిస్టరు ఇనుప పెట్టెలో మిగులుతుంది. నేను చూసిన ఒక సంపుటాన్ని చెదలు ఎడమ అంచు నుంచి తిన్నాయి. క్రమసంఖ్యలు పోయి పేర్లు దక్కాయి, అదృష్టమనే అనాలి. శిశువు పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి. తండ్రి మల్లయ్య, కొడుకు యోహాను అయిన చోట, ఆ రెండు గడుల మధ్య ఉన్న గీతను చదవడం నామవిజ్ఞానమే కాదు, సాహిత్య విమర్శ కూడా.

కంపెనీ పాలన నాటి ఐరోపావాసుల బాప్తిస్మ, వివాహ, సమాధి పట్టికల ప్రతులు లండన్‌కు వెళ్లాయి. మద్రాసువి 1698 నుంచి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. దొరల వంశవృక్షానికి దొరికిన ఆ నీడ, టబ్బులు నింపిన కోల్ ఫిల్లరు మునిమనవడికి దొరకలేదు.

అయితే, అన్నింటినీ స్కాన్ చేసి అంతర్జాలంలో పెడదామనే ఉత్సాహాన్ని ఇంతకంటే గట్టిగా వ్యతిరేకిస్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. తెలుగు రాష్ట్రాల్లో అతడు బీసీ-సి. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, జ్ఞానస్నానం పొందిన విషయాన్ని కూడా పరిగణించి, ఎస్సీ ధ్రువపత్ర నిరాకరణను సమర్థించింది. తాత పేరున్న గడి మనవరాలి ఉద్యోగానికి ఎదురు సాక్ష్యం కాగలిగినంత కాలం ‘అందరికీ అందుబాటు’ అమాయకమైన మాట కాదు.

మూలప్రతి సంఘం వద్దనే ఉండాలి. నకలు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాలయానికి చేరాలి. జీవించి ఉన్నవారి వివరాలున్న సంపుటాలను మూసి ఉంచి, తెరిచే అనుమతిని ఆయా కుటుంబాలకే వదలాలి. పరిశోధకులు ఆగలేరా? ఈ నియమం నాకూ వర్తిస్తే నా సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయం పోతుంది. అది లేకుండానే సమర్పిస్తాను.