ఆ పిల్లవాడు ఎక్కిరించడం లేదు

ఏటూరునాగారం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి,



కొత్తగూడ మండలంలోని ఆశ్రమ పాఠశాలల కోసం మీరు ఒక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. పైసా ఖర్చు లేని ఉత్తర్వు. పదేపదే కళ్లు కొట్టుకునే, మెడ విదిలించే, భుజం ఎగరేసే, గొంతు గీరే పిల్లల్ని అందుకోసం తిట్టవద్దు, కొట్టవద్దు, తరగతి బయట నిలబెట్టవద్దు.

వైద్యులు వీటిని టిక్స్ అంటారు. ఇవి నాడీ వ్యవస్థకు సంబంధించినవి. పెంపకం లోపమూ కాదు, గాలి సోకడమూ కాదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మొదలై, పది పన్నెండేళ్లకు ముదిరి, యుక్తవయసు దాటేసరికి చాలామందిలో తగ్గిపోతాయి. పలు రకాల కదలికలు, వాటితోపాటు కనీసం ఒక శబ్దం ఏడాదికి పైగా సాగితే అది టూరెట్ సిండ్రోమ్. 1885లో తొమ్మిది మంది రోగుల గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడి పేరే దానికి పెట్టారు.

టిక్స్ ముదిరే వయసూ, మన పిల్లలు ఇల్లు విడిచి హాస్టల్లో ఉండే వయసూ ఒకటే. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

పిల్లవాడు టిక్‌ను కాసేపు బిగపట్టగలడు. వాడికి చేటు తెచ్చేది అదే. సారు ఎదుట ఊరుకుని, ఆయన బోర్డు వైపు తిరగగానే గొంతు గీరితే ‘కావాలనే ఎక్కిరిస్తుండు’ అంటారు. నిజానికి బిగపట్టినంతసేపూ లోపల ఒత్తిడి పెరుగుతుంది, పాఠం చెవికెక్కదు. భయం, అలసట, నిద్రలేమి టిక్స్‌ను పెంచుతాయి. ‘ఆపు’ అన్నకొద్దీ ఎక్కువవుతాయి.

బడి చేయాల్సింది కొంచెమే. చూసీ చూడనట్టు ఉండాలి. అడిగితే రెండు నిమిషాలు బయటికి పంపాలి. పరీక్షలో కాస్త సమయం ఎక్కువ ఇవ్వాలి. ఏడిపించే పిల్లల్ని ఆపాలి. శారీరక దండననూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఎప్పుడో నిషేధించింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడిపిల్లల్ని పరీక్షిస్తాయి. వారు చూసే సమస్యల జాబితాలో మూర్ఛ, ఏకాగ్రత కుదరనివ్వని ఏడీహెచ్‌డీ ఉన్నాయి, టిక్స్ లేవు. టిక్స్ గురించి కూడా ఒక్క ప్రశ్న అడగమనండి. టిక్స్‌తోపాటు ఏడీహెచ్‌డీ, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ తరచూ ఉంటాయి, ఒక్కోసారి చదువును ఎక్కువ దెబ్బతీసేవి అవే. చాలామందికి మందులు అవసరం రావు. కానీ ఉన్నట్టుండి చేతులూ కాళ్లూ అదుపు లేకుండా ఆడుతూ, చేతిలోవి జారిపోతుంటే, అది కీళ్లవాత జ్వరం వల్ల వచ్చే కొరియా కావచ్చు. గుండెను కూడా పరీక్షించాలి. అలాంటి పిల్లల్నీ, స్పృహ తప్పేవారినీ ఆలస్యం లేకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపాలి. సందేహాలకు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 వార్డెన్ దగ్గర ఉండాలి.

తాయెత్తు కట్టించిన తల్లిని తప్పుపట్టవద్దు. టిక్స్ వాటంతటవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. కట్టిన వారంలో తగ్గితే ఎవరైనా నమ్ముతారు. వాతలు మాత్రం పెట్టనివ్వకూడదు. ఈ సంగతి తల్లిదండ్రులకు కోయ భాష వచ్చిన టీచరుతో చెప్పించండి.

ఉత్తర్వు ప్రధానోపాధ్యాయుడి ఫైలులోనే ఉండిపోతే లాభం లేదు. రాత్రిపూట పిల్లల దగ్గర ఉండేది వార్డెన్, వాచ్‌మన్. పొద్దున్నే అన్నం పెట్టేది వంటమనిషి. వారికి కూడా చదివి వినిపించేలా ఆదేశించండి.

ఇట్లు,
కొత్తగూడ మండలానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు