పట్నపు హోరులో చదివింది నిలిచేనా?

హన్మకొండ: పల్లెల నుంచి చదువుల కోసం వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు హారన్లు, మైకుల హోరులోనే పుస్తకం పట్టవలసి వస్తున్నది. కొన్నాళ్లకు అలవాటవుతుందనుకోవడం పొరపాటు. జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచారు. ఆ తర్వాత పరీక్షించగా పాతదాని సమీపంలోని పిల్లల జ్ఞాపకశక్తి మెరుగుపడింది. కొత్తదాని సమీపంలోని వారిది తగ్గింది. రాత్రి మోత వలన నిద్ర చెడితే చదివింది నిలవదు, చిరాకు పెరుగుతుంది. కేంద్రం 2000లో చేసిన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ మించరాదు. పది దాటితే బహిరంగ మైకులకు సాధారణంగా అనుమతి లేదు. హాస్టల్‌లో చేర్పించే తల్లిదండ్రులు ఫీజు, భోజనంతో పాటు రాత్రిపూట ఆ వీధి మోత కూడా చూసుకోవడం అవసరం.