బిడ్డ ఎవరిదన్నది తరువాత, తీర్పు ఎక్కడన్నది ముందు

గత నెలలో ఒక జుమా నాడు నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక ఒక పెద్దమనిషి మా దగ్గర ఆగిపోయారు. ఆయన చేతిలో నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఉంది. బ్రిటన్‌లో కాపురం ఉంటున్న ఆయన కూతురు అయిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని సెలవులకని వచ్చింది, తిరిగి వెళ్ళలేదు. అల్లుడు అక్కడి హైకోర్టును ఆశ్రయించాడు. బిడ్డను కోర్టు తన సంరక్షణ కిందకు తీసుకున్నదనీ, వెంటనే తిరిగి తీసుకురావాలనీ ఆ కాగితం సారాంశం.

“మౌల్వీ సాబ్, పిల్లవాడు తల్లి ఒడిలో ఉన్నాడు. షరీఅత్ ప్రకారం ఏడేళ్ళ దాకా మగపిల్లవాడు తల్లి దగ్గరే ఉండాలి కదా! లండన్ జడ్జికి ఇందులో ఏం పని?” అని ఆయన అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. హైదరాబాదు, గుంటూరు, కర్నూలు వంటి ఊళ్ళ నుంచి బ్రిటన్‌కు, అమెరికాకు, గల్ఫ్ దేశాలకు వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. సంసారం చెడినప్పుడు అక్కడ పెరిగిన బిడ్డను తీసుకుని ఇద్దరిలో ఒకరు విమానం ఎక్కేస్తే ఏమవుతుంది? దీనిని ప్రశాంతంగా యోచించవలసి ఉంది.

లండన్‌లో ఈ పని ఎవరు చేస్తారు?

బారిస్టరు అనగానే మన పెద్దలకు స్వాతంత్ర్యోద్యమ నాయకులు గుర్తుకు వస్తారు. లండన్‌లో నేడు కొందరు బారిస్టర్లు కేవలం ఇటువంటి కేసులతోనే జీవితం గడుపుతున్నారు. వారి పని సాధారణ వకాలతు వంటిది కాదు. తల్లి కాని తండ్రి కాని బిడ్డతో విమానాశ్రయానికి బయలుదేరారన్న కబురు రాత్రిపూట రావచ్చు. అత్యవసరమైతే హైకోర్టు న్యాయమూర్తి ఒకరు రాత్రివేళ కూడా అర్జీ వింటారు. ప్రమాదం తక్షణమే ఉన్నదని పోలీసులు నమ్మితే దేశంలోని రేవులకు, విమానాశ్రయాలకు హెచ్చరిక వెళుతుంది. అది 28 రోజులు అమలులో ఉంటుంది. టిప్‌స్టాఫ్ అనే కోర్టు అధికారి పాస్‌పోర్టులు స్వాధీనం చేసుకుంటాడు.

1980ల మధ్యలో న్యాయవాది గౌను వేసుకున్న బారిస్టరు ఒకరు ఉన్నారనుకుందాం. ఆయన వృత్తి జీవితమే ఈ చట్టం చరిత్ర. 1980 అక్టోబరు 25న హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. బ్రిటన్ దాని కోసం 1985లో చట్టం చేసి 1986 నుంచి అమలు చేసింది. అంతకు ఒక సంవత్సరం ముందు, అంటే 1984లో, మరొక చట్టం వచ్చింది. దాని ప్రకారం 16 ఏళ్ళలోపు బిడ్డను, హక్కు ఉన్న రెండవవారి అనుమతి లేకుండా దేశం దాటించడం తల్లిదండ్రులకైనా నేరమే. గరిష్ఠ శిక్ష ఏడేళ్ళ జైలు. కన్నబిడ్డను తీసుకువెళ్ళడం కూడా నేరమా అని మనవారు ఆశ్చర్యపోయేది ఇక్కడే.

హేగ్ ఒడంబడిక సూత్రం సరళమైనది. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది పారిపోయి వచ్చిన దేశం నిర్ణయించదు, బిడ్డ అలవాటుగా నివసిస్తూ వచ్చిన దేశంలోని కోర్టు నిర్ణయిస్తుంది. కాబట్టి ముందు బిడ్డను అక్కడికి తిప్పి పంపాలి. ఆరు వారాలలో తేల్చడం దీని లక్ష్యం. మినహాయింపులు కొన్నే. ఏడాది దాటాక అర్జీ పెట్టి, బిడ్డ కొత్తచోట కుదురుకుని ఉంటే, తిప్పి పంపితే బిడ్డకు తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉంటే, ఊహ తెలిసిన బిడ్డ స్వయంగా వద్దంటే కోర్టు ఆగవచ్చు. నేడు 100కు పైగా దేశాలు ఇందులో ఉన్నాయి.

ఈ ఒడంబడిక రాసినవారి మనసులో ఉన్నది ఎక్కువగా కోర్టు తీర్పును ధిక్కరించి బిడ్డను ఎత్తుకుపోయే తండ్రి. కాని అనుభవం వేరుగా తేలింది. 2015 నాటి కేసులపై జరిగిన అధ్యయనంలో బిడ్డను తీసుకువెళ్ళినవారిలో 73 శాతం తల్లులే. వారిలో దెబ్బలకు, అవమానాలకు తాళలేక పుట్టింటికి పరుగెత్తినవారు ఉన్నారు. మొగుణ్ణి సాధించడానికి బిడ్డను ఆయుధం చేసుకున్నవారూ ఉన్నారు. ఎవరు ఏ కోవకు చెందుతారో ఆరు వారాలలో తేల్చడం ఎంత కష్టమో ఊహించవచ్చు. హింస ఆరోపణ నిజమైతే బిడ్డకు ప్రమాదం ఎంత, ఆ ప్రమాదాన్ని తప్పించే రక్షణలు అవతలి దేశంలో ఉన్నాయా అని కోర్టు అడగాలని 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. మరొక చిక్కు కూడా ఉంది. ఇంగ్లండులో హేగ్ అర్జీ పెట్టినవారికి ఆస్తిపాస్తులతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జవాబు చెప్పుకోవలసినవారికి మాత్రం ఆదాయం లెక్క చూస్తారు. త్రాసులో ఒక పళ్ళెం ముందే కిందికి వంగి ఉన్నదన్న విమర్శకు ఇది తావిస్తున్నది.

ముస్లిం దేశాల సంగతి

ఇదంతా పాశ్చాత్యుల చట్టం, మనకు పట్టదు అనేవారు మనలో ఉన్నారు. వాస్తవాలు అలా లేవు. బ్రిటన్‌లో పాకిస్తానీ మూలాల కుటుంబాలు అధికం. బిడ్డలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తరలిపోతూ ఉంటే రెండు దేశాల న్యాయమూర్తులు కూర్చుని మాట్లాడుకున్నారు. 2003 జనవరిలో ఇంగ్లండు కుటుంబ న్యాయ విభాగం అధ్యక్షురాలు డేమ్ ఎలిజబెత్ బట్లర్-స్లాస్, పాకిస్తాన్ ప్రధాన న్యాయమూర్తి షేక్ రియాజ్ అహ్మద్ ఒక అంగీకారపత్రంపై సంతకాలు చేశారు. బిడ్డ మామూలుగా నివసించే దేశపు కోర్టే తీర్పు చెప్పాలనీ, ఇందులో తల్లిదండ్రుల జాతి, సంస్కృతి, మతం అడ్డు రాకూడదనీ దాని సారం. 2005లో ఈజిప్టుతో కూడా ఇటువంటి అవగాహనే కుదిరింది. తుర్కీ, మొరాకో, ఇరాక్, ట్యునీషియా హేగ్ ఒడంబడికలోనే చేరాయి. పాకిస్తాన్‌లో అది 2017 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. ఈ దేశాలలో ఉలమాకు కొదవ లేదన్నది గమనార్హం.

అలాగని ఇంగ్లీషు కోర్టులు కళ్ళు మూసుకుని పంపించేస్తాయనుకోవడమూ పొరపాటే. 2005 జూన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు ఒక కేసు వచ్చింది. తండ్రి సౌదీ పౌరుడు. తల్లి బిడ్డతో ఇంగ్లండులోనే ఉండిపోయింది. తిప్పి పంపనక్కర్లేదని మొదటి న్యాయమూర్తి అన్నారు, పంపాలని అప్పీలు కోర్టు అన్నది. లార్డ్స్ మొదటి తీర్పునే నిలబెట్టారు. ముఖ్య తీర్పు రాసిన బారనెస్ హేల్ వాదన శ్రద్ధగా చదవదగ్గది. ఒడంబడికలో లేని దేశం విషయంలో బిడ్డ శ్రేయస్సే కొలబద్ద. అవతలి దేశపు చట్టం మన చట్టంలా లేదన్నంత మాత్రాన అది తక్కువ కాదు. కాని తండ్రి ఒప్పుకోకపోతే బిడ్డతో తిరిగి వచ్చేందుకు తల్లికి అనుమతి ఇచ్చే అధికారం అక్కడి కోర్టుకు ఉన్నదా అన్నది చూడవలసిందే. అంటే షరీఅత్ మంచిదా చెడ్డదా అని వారు తీర్పు చెప్పలేదు. తల్లి మొర వినే తలుపు అక్కడ తెరిచి ఉన్నదా అని మాత్రమే అడిగారు. ఆ ప్రశ్న అడగడం తప్పని మేము అనుకోవడం లేదు.

మన దేశం ఎక్కడ ఉంది?

భారతదేశం నేటికీ హేగ్ ఒడంబడికలో చేరలేదు. కాబట్టి విదేశీ కోర్టు ఉత్తర్వు ఇక్కడ దానంతటదే అమలు కాదు. అక్కడ మిగిలిపోయిన తండ్రి లేదా తల్లి ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీ వేసుకోవాలి. ఆ తరువాత ఏమవుతుందో ముందుగా చెప్పడం కష్టం. బ్రిటన్ నుంచి తల్లి ఇద్దరు కూతుళ్ళను తీసుకువచ్చిన కేసులో 2015 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు, అక్కడి కోర్టు ముందుగా ఉత్తర్వు ఇచ్చిందన్న అంశానికి ఎంతో విలువ ఇచ్చి, బ్రిటన్ వైపే మొగ్గింది. అదే బ్రిటన్ నుంచి మరొక తల్లి కూతురిని తీసుకువచ్చిన కేసులో 2017 జులైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆలోచనను తోసిపుచ్చింది. విదేశీ ఉత్తర్వు చూడవలసిన అంశాలలో ఒకటి మాత్రమేననీ, బిడ్డ శ్రేయస్సే ప్రధానమనీ చెప్పి బిడ్డను తల్లి దగ్గరే ఉంచింది. 2019 మార్చిలో హైదరాబాదు కుటుంబ న్యాయస్థానం దాకా వచ్చిన తెలుగు దంపతుల కేసులో మళ్ళీ పిల్లలు అమెరికా వెళ్ళాలన్నది. ప్రతి తీర్పుకూ దాని కారణాలు ఉన్నాయి. కాని నాలుగేళ్ళలో వచ్చిన ఈ మూడు తీర్పులను చదివిన సామాన్యుడు తన బిడ్డ గతి ఏమిటో ఎలా తెలుసుకోగలడు?

ఒడంబడికలో చేరే దిశగా 2016లో ముసాయిదా బిల్లు వచ్చింది. అదే ఏడు లా కమిషన్ తన 263వ నివేదిక ఇచ్చింది. 2018లో జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ మరొక నివేదిక ఇచ్చింది. ఆ తరువాత అడుగు పడలేదు. ఒడంబడికలో చేరితే, పరాయిదేశంలో భర్త చేతిలో హింసపడి, వీసా కూడా అతడి మీదే ఆధారపడిన మన ఆడపిల్లలను తిరిగి అదే ఇంటికి తోసినట్టవుతుందన్నది ప్రధాన అభ్యంతరం. ఇది నిజమైన భయం. దీనిని తేలికగా కొట్టిపారేయకూడదు.

అయితే రెండవ పక్క కూడా చూడాలి. చట్టం లేకపోవడం ఆడపిల్లకు రక్షణ కాదు. భార్యను అక్కడే వదిలి, బిడ్డను మాత్రం తల్లిదండ్రుల దగ్గరకు తెచ్చి దాచే భర్తకు కూడా ఇదే శూన్యం ఉపయోగపడుతుంది. ఆ తల్లి వేల కిలోమీటర్ల అవతల నుంచి ఇక్కడి కోర్టుల చుట్టూ ఎలా తిరుగుతుంది? నియమం లేనిచోట గెలిచేది తల్లీ కాదు, తండ్రీ కాదు. ముందుగా టిక్కెట్టు కొన్నవారు గెలుస్తారు. హింస నుంచి పారిపోయినవారికి స్పష్టమైన రక్షణలు రాసి, మిగిలినవారికి త్వరగా తేలే నియమం పెట్టే చట్టం రావాలన్నదే మా అభిప్రాయం.

షరీఅత్ ఏమంటుంది?

పెద్దమనిషి అడిగినదానికి తిరిగి వద్దాం. హనఫీ ఫిఖ్హ్‌లో మగపిల్లవాడికి ఏడేళ్ళ వరకు, ఆడపిల్లకు యుక్తవయసు వరకు హిజానత్, అంటే పెంపకం, తల్లిది. అది నిజమే. కాని విలాయత్, అంటే బాధ్యత, పోషణ తండ్రివి. ఒకటి చెప్పి రెండవది మరవడం న్యాయం కాదు. మదరసాలలో మేము చదివిన హిదాయాలోనే మరొక మాట ఉంది. విడాకులైన తల్లి బిడ్డను తండ్రి ఉండే ఊరికి దూరంగా తరలించరాదు, ఎందుకంటే అది తండ్రికి హాని. నికాహ్ జరిగిన తన సొంత ఊరికి మాత్రం తీసుకుపోవచ్చు. ఆ మినహాయింపు మా అమ్మాయికి వర్తిస్తుందని పెద్దమనిషి అనవచ్చు. కాని అది విడాకులైన స్త్రీ గురించి చెప్పినది. ఈ అమ్మాయి నికాహ్ ఇంకా నిలిచే ఉంది. ఇక దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో బిడ్డ కారణంగా తల్లికీ హాని జరగరాదు, తండ్రికీ హాని జరగరాదన్న ఆదేశం ఉన్న సంగతి విదితమే.

ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఒక ఉదంతం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) తాను విడిపోయిన భార్యకు పుట్టిన కుమారుడు ఆసిం ఖుబా మసీదు ఆవరణలో ఆడుకుంటూ ఉండగా చూసి, చేయి పట్టుకుని తన వాహనంపై ఎక్కించుకున్నారు. పిల్లవాడి అమ్మమ్మ అడ్డుపడింది. తగవు ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ముందుకు వెళ్ళింది. నా కొడుకని ఆయన, నా బిడ్డని ఆమె వాదించారు. బిడ్డను ఆమెకే వదిలేయమని ఖలీఫా తీర్పు ఇచ్చారు. ఉమర్ (రజి) అంతటివారు మారుమాట్లాడలేదు. ఈ ఉదంతాన్ని తల్లివైపువారి హక్కుకు రుజువుగా చెబుతారు. మేము ఇంకొకటి కూడా చూస్తున్నాం. వాహనం ఎక్కించిన మాత్రాన బిడ్డ ఆయన వశం కాలేదు. ఇద్దరూ న్యాయమూర్తి ముందు నిలబడ్డారు.

మేము ఆ పెద్దమనిషికి మూడు మాటలు చెప్పాం. కాగితాన్ని పెట్టెలో పెట్టి మరచిపోవద్దు, ఈ కేసులు తెలిసిన వకీలుకు చూపించండి. కూతురు దెబ్బలు తిని వచ్చి ఉంటే డాక్టరు చీటీ, పోలీసు ఫిర్యాదు ఏది ఉన్నా దాచకుండా బయటపెట్టండి, అదే ఆమెకు రక్షణ. అదేమీ లేకపోతే రెండు కుటుంబాల నుంచి ఒక్కొక్క మధ్యవర్తిని కూర్చోబెట్టండి, ఆ మార్గం చూపినది మన దీనే. ఏది ఎలా తేలినా ఈలోగా పిల్లవాడిని తండ్రితో ఫోనులో మాట్లాడనివ్వండి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఫోను మాత్రం ఈ రాత్రే చేయిస్తాను, మౌల్వీ సాబ్” అన్నారు.

విదేశాలలో బిడ్డలున్న తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. కూతురు గాని కొడుకు గాని మనవడితో గుమ్మంలో దిగినప్పుడు ఆదరించండి. కాని ఎందుకు వచ్చారు, రెండవవారికి తెలిసే వచ్చారా అని ఆ రాత్రే అడగండి. నెలలు గడిచాక కోర్టు కాగితం చూసి అడిగేకన్నా అది మేలు.