చేతిపనిని చిన్నచూపు చూడరాదు

1795వ సంవత్సరమున నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదునందు ఫిరంగుల పోతకార్ఖానా నొకటి నెలకొల్పెను. 1798లో అతడు మరణించెను. ఆ యేడే ఫ్రెంచి దళమును రద్దయ్యెను. నేడు గన్‌ఫౌండ్రీ యను పేరును, పాత గోడలును మాత్రము మిగిలియున్నవి. కార్ఖానాను నిలుపునవి గోడలు గావు, నేర్చిన చేతులని మేము తలంచెదము.

ఇప్పుడు పాతబస్తీ యంచుననే, కంచన్‌బాగునందు, అంతకంటె ఘనమైన పరిశ్రమలు గలవు. 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్సు క్షిపణులను చేయుచున్నది. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేక లోహములను సిద్ధపరచుచున్నది. నగరపు పొలిమేరను ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల దేహములు తయారగుచున్నవి. కొన్ని ఆయుధములను విదేశములనుండి కొనరాదని 2020 మొదలు ప్రభుత్వము పట్టికలు ప్రకటించుచుండుటచే నీ పని యింకను పెరుగుననుటలో సందేహము లేదు.

అయితే చేయువా రెవరు? పదవ తరగతి బాలుని నేమగుదువని యడిగిన, కంప్యూటరు కొలువే చెప్పును. కుమారుని చేతికి మసి యంటరాదని తండ్రి కోరును. రాకెట్టు గొట్టమునకు వేయు అతుకులో కంటికి గానరాని బుడగ యొకటి నిలిచినను, లోని యొత్తిడికి అచటనే పగులవచ్చును. అట్టి అతుకు వేయు నేర్పు పట్టాతో రాదు. ఏండ్ల సాధనతో వచ్చును.

యుద్ధసాధనముల పని మనకేలయని కొందరు తలిదండ్రు లడుగవచ్చును. ఆ ప్రశ్న తగినదే. కాని యగ్ని క్షిపణికై కనుగొన్న తేలిక పదార్థముతోనే అబ్దుల్ కలాముగారి బృందము నిజాము వైద్యసంస్థలోని కుంటిబిడ్డలకు కాలి యూతలు చేసెను. మూడు కిలోల బరువు మున్నూరు గ్రాములాయెను. నేర్పు దేనికి వినియోగపడవలెనో మనుష్యుని మనస్సాక్షి నిర్ణయింపవలయును. నేర్పే లేనిచో నిర్ణయించుటకేమియు నుండదు.

కావున మేము కోరునది యిది. పాఠశాలలో చిత్రలేఖనమును, కొలతలను పరీక్షకొరకే గాక పనికొరకు నేర్పవలయును. పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో ఫిట్టరు, మెషినిస్టు విద్యల నభ్యసించుట ఓటమిగా నెంచరాదు. 1961 నాటి చట్టముచే అప్రెంటిసులకు భత్యముతో శిక్షణ గలదు. బాలికలను వెనుకనుంచరాదు, 2011లో పరీక్షింపబడిన అగ్ని-4కు నాయకత్వము వహించినది టెస్సీ థామసను స్త్రీయే గదా! యజమానులకును ఒక మాట: నిలుకడయైన కొలువును, తగిన జీతము నీయక, పనివారు దొరకరని వగచుట న్యాయము గాదు.

లాడ్‌బజారునందు కాగిన లక్కను గాజుగా చుట్టు చేతులు మన పిల్లల యిండ్లలోనే యున్నవి. ఆ చేతులకు గణితమును తోడుచేయుట మన వంతు.